అప్‌డేట్: సంభాషణలో విరిగే ఒత్తులు

ఒంగోలు, కొత్తపట్నం నేపథ్యంగా బాల్యం మీద అల్లుతున్న కథా గేమ్‌లో తెలుగు మాటలు ఒత్తుల దగ్గర విరుగుతున్నాయని, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను, దారి దొరికింది. నేను వాడే గేమ్ ఇంజిన్ (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) గొడో 3లో ఒత్తులు కూర్చే ఏర్పాటే లేదు. 2023లో వచ్చిన గొడో 4కి మారాల్సిందే. మండలి అనే తెలుగు ఫాంటును గేమ్ థీమ్‌లో (రూపాన్ని నిర్ణయించే సెట్టింగుల్లో) డిఫాల్ట్‌గా పెట్టండి. లేకుంటే కంప్యూటర్లో సిస్టమ్ ఫాంటుతో బాగానే కనబడి, బ్రౌజర్‌లో ఆడితే అక్షరాల బదులు అన్నీ డబ్బాలే.

అసలు చిక్కు అక్షరాలు ఒక్కొక్కటిగా పడేచోట. "నాయనమ్మా, ఉప్పుచేప!" అనేటప్పుడు ముందు "ఉప్" మెరిసి, ఆ తర్వాతే ఒత్తు కుదురుతుంది. ఎందుకంటే గొడోలో మాటలు చూపించే లేబుల్ మామూలుగా వాక్యాన్ని కూర్చకముందే కత్తిరిస్తుంది. లేబుల్‌లోని విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్ అనే సెట్టింగ్‌ని "క్యారెక్టర్స్ ఆఫ్టర్ షేపింగ్"కి (కూర్చాకే కత్తిరించేలా) మార్చండి. పిల్లల మాట తడబడకుండా పడటమే ఈ తరహా గేమ్‌కి ప్రాణం, ఇది మాత్రం వదలొద్దు. ఒత్తులు కింది వరుసకు తగులుతుంటే లైన్ స్పేసింగ్ పెంచితే చాలు.