గులాబీ వాక్స్‌క్యాప్ ఉన్న పచ్చికకు ఎరువు వేయవచ్చా?

పచ్చికబీడు:
వేల్స్‌లో ఒక పాత చర్చి ఆవరణ, అరెకరం పచ్చిక. అక్టోబరులో గులాబీ వాక్స్‌క్యాప్‌లు (పచ్చికలో మొలిచే గులాబీ రంగు పుట్టగొడుగులు) ఏడు కనిపించాయి. గడ్డి పలచగా, నాచు ఎక్కువగా ఉంది. ఎరువు వేసి, నాచు తీసేసి, ఒక పక్కన చెట్లు నాటుదామని నిర్వాహకుల ఆలోచన. వేరేచోట కూడా ఈ పుట్టగొడుగును పెంచవచ్చా?

తేమనేల:
ఆ మూడూ ఆపించండి. గడ్డి పలచగా ఉండటమే దాని బతుకు! అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఈ జాతి వల్నరబుల్ (అంతరించే ముప్పున్న) తరగతిలో ఉంది. యూరప్‌లో పచ్చిక బీళ్లను దున్ని, ఎరువులు వేసి మార్చేయడం దానికి ముఖ్య కారణం. నత్రజని పడితే ముతక గడ్డి ఏపుగా పెరిగి నాచునూ సన్నగడ్డినీ కప్పేస్తుంది. భాస్వరం ఇంకా మొండిది, ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి మట్టిని వదలదు. పశువుల ఎరువైనా, కంపోస్టైనా అంతే. నాచు మందు, సున్నం వద్దు. చెట్లు నాటితే నీడ పడుతుంది, రాలిన ఆకులు పచ్చికను కప్పేస్తాయి.

ముందు అది గులాబీ వాక్స్‌క్యాపేనా అని చూసుకోండి: కోసుగా ఉండే గులాబీ గొడుగు విచ్చుకునేకొద్దీ అంచు చీలి, పాయలుగా పైకి లేస్తుంది. కాడ తెల్లగా, పెళుసుగా ఉంటుంది. అడుగున రేకులను వేళ్ల మధ్య నలిపితే మైనంలా జారుతాయి.

కోతపని:
ఇక కోత. ఏప్రిల్ నుంచి ఆగస్టు చివరి దాకా రెండు మూడు వారాలకోసారి, 4-5 సెంటీమీటర్ల ఎత్తు ఉంచి కోయండి. సెప్టెంబరు మొదట్లో చివరి కోత. ఆ తర్వాత పుట్టగొడుగులు పూర్తయ్యే దాకా, అంటే దాదాపు నవంబరు చివరి వరకు, యంత్రం దింపొద్దు. ముందే మొలిస్తే చుట్టూ కర్రముక్కలు గుచ్చి ఆ చోటు వదిలేయండి.

అందరూ తప్పేది ఒక్క చోటే: కోసిన గడ్డిని అక్కడే వదిలేస్తారు. అది కుళ్లితే ఎరువు వేసినట్టే.

పచ్చికబీడు:
యంత్రానికి సంచి లేదు. పోగు చేసి మూలన వేస్తే చాలా?

కోతపని:
చాలదు. అదే రోజు రేక్‌తో లాగి, పచ్చిక బయటికి తీసుకెళ్లండి. మూలన కుప్ప వేస్తే వానకు దాని సారం కిందికి దిగి ఆ మూల చెడుతుంది.

తేమనేల:
పెంచడం గురించి: వాక్స్‌క్యాప్‌లను ప్రయోగశాలలో పెంచే నమ్మకమైన పద్ధతి లేదు. ఐసోటోపు పరీక్షలను (ఒకే మూలకంలో వేర్వేరు బరువులుండే పరమాణువుల నిష్పత్తిని కొలిచేవి) బట్టి చూస్తే ఇవి కుళ్లే గడ్డి మీద కాక, బతికున్న మొక్కలతో ఏదో బంధం మీద ఆధారపడుతున్నట్టుంది. పుట్టగొడుగు బీజాలు (స్పోర్లు) చల్లితే ఫలితం ఆశించలేం. మట్టి పెళ్లలు తవ్వి మార్చడం ఉన్నదాన్నీ పోగొట్టుకోవడమే.

దానికి బదులు లెక్క పెట్టండి. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు పది పన్నెండు రోజులకోసారి తిరిగి, కనిపించిన ప్రతి వాక్స్‌క్యాప్ జాతినీ మ్యాపులో గుర్తించాలి. ఒకే ఏడాదితో తేల్చకండి. పొడి శరత్తులో ఒక్కటీ మొలవకపోయినా మట్టి కింద పుట్టగొడుగు తంతువుల జాలం బతికే ఉండవచ్చు. అనుమానముంటే పలుచోట్ల మట్టి నమూనాలు తీసి కలిపి డీఎన్ఏ పరీక్షకు పంపవచ్చు, అది సీజను కాకపోయినా పనికొస్తుంది. ఆ మ్యాపు నిర్వాహకుల ముందు పెడితే చెట్లు ఎక్కడ నాటకూడదో వాళ్లకు వెంటనే తెలుస్తుంది.