పేరు తెలియని జర్మన్ టెక్నో ఆల్బమ్‌ను గుర్తించడంలో సహాయం కోరుతున్నాను

బెర్లిన్‌లో చదువుకునే రోజుల్లో, నా గదిలో అంతకుముందున్న విద్యార్థి వదిలివెళ్లిన క్యాసెట్ ఒకటి మొన్న పాత పెట్టె సర్దుతుంటే మళ్లీ బయటపడింది. పైకాగితం చెమ్మకు చెరిగిపోయి, పేరులో ‘నాఖ్ట్’, అంటే రాత్రి, అన్న మాట ఒక్కటే మిగిలింది. డ్రమ్ మెషీన్ మోత మీద ఒక స్త్రీ గొంతు, పాడినట్టు కాక రైల్వే స్టేషన్‌లో ప్రకటన చదివినట్టు, జర్మన్‌లో అంకెలు లెక్కపెడుతుంది. అంకెలనగానే జర్మన్ ఎలక్ట్రానిక్ సంగీత బృందం క్రాఫ్ట్‌వెర్క్ వారి 1981 నాటి ఆల్బమ్ ‘కంప్యూటర్‌వెల్ట్’ గుర్తుకు రావడం సహజమే కానీ, ఇది దానికంటే చాలా వేగంగా, 1990ల టెక్నో (యంత్రాల లయతో సాగే నృత్య సంగీతం) ధోరణిలో సాగుతుంది. మరో జర్మన్ ఎలక్ట్రానిక్ బృందం డాఫ్ 1981లోనే తెచ్చిన ‘ఆలెస్ ఇస్ట్ గూట్’ కూడా కాదు, అందులో పాడింది పురుషుడు. రెండో వైపు మూడో పాట చివర రైలు తలుపులు మూసుకునే చప్పుడు వినిపిస్తుంది. ఈ ఆల్బమ్ ఎవరిదో తెలిసినవారు దయచేసి చెప్పగలరా?