సింఫనీ కచేరీకి మొదటిసారి వెళ్తున్నాం, తెలిసినవాళ్ళు చెప్పండి

మూడులాంతర్లు: వచ్చే నెల మన విజయనగరంలో బయటి ఆర్కెస్ట్రా బీథోవెన్ అయిదో సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసిన పడమటి సంగీత రచన) వాయిస్తోంది. ఏ వరుస మంచిది? ఎనిమిదేళ్ళ పాపని తీసుకెళ్ళొచ్చా? చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

పాలకొండవాసి: చప్పట్ల సంగతి నన్నడగండి. హైదరాబాదులో మొదటి భాగం అవగానే హాలంతటికీ నేనొక్కడినే కొట్టాను. ముందు వరుసాయన వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

నాలుగోతీగ: కొట్టకూడదు మరి. నాలుగు భాగాలూ కలిపి ఒకటే రచన. మూడోది ఆగకుండానే నాలుగోదాంట్లో కలిసిపోతుంది. అంతా అయ్యి, ముందు నిలబడి చేతులతో బృందాన్ని నడిపించే కండక్టర్ చేతులు దించాకే కొట్టాలి. ఇక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ డిప్లొమా చేశాను, తెలిసే చెప్తున్నా.

గంటస్తంభం: మన కచేరీల్లో తని (మృదంగం వాళ్ళు విడిగా వాయించే భాగం) అవగానే కొట్టమా? రాగం మధ్యలో భళా అనమా? 1778లో పారిస్‌లో మొజార్ట్ సింఫనీ మొదటి భాగం నడుస్తుండగానే జనం చప్పట్లు కొట్టారు. ఆయన నొచ్చుకోలేదు, తండ్రికి సంబరంగా ఉత్తరం రాశాడు. ఈ కట్టుబాటు తర్వాత వచ్చిందే.

నాలుగోతీగ: మొదటి భాగం హోరు చెవుల్లో ఉండగానే రెండోది వయోలాలు, చెల్లోలతో (వయొలిన్ కంటే పెద్దవి, మంద్రంగా పలికేవి) మెత్తగా మొదలవుతుంది. మధ్యలో చప్పట్లు పడితే ఆ తేడా ఏం తెలుస్తుంది? వినకుండా వాదించకండి.

గంటస్తంభం: విన్నాను, చాలాసార్లు విన్నాను. డిప్లొమా లేనివాడికి ఆనందం వస్తే చేతులు కట్టుకోవాలా? ఇలా బెదిరించబట్టే మనవాళ్ళు రారు.

చంపావతి: గొడవ ఆపండి బాబూ. 1919లో ఆ కాలేజీ పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ ఆచార్యులు. ఆ పడమటి వాద్యాన్నే నేలమీద కూర్చుని, మన శ్రుతికి తీగలు కట్టి వాయించిన ఊరు ఇది. వచ్చేవాళ్ళకి ముందు ఆ కాలేజీ చూపించాలని నా కోరిక.

కొత్తవలస: మైకుల మాట ఎవరూ ఎత్తరేం? సింఫనీకి మైకులు పెట్టరు. ఒక హాల్లో ఫ్యాన్ల చప్పుడుకి మెల్లని చోట్లన్నీ పోయాయి, అంత డబ్బు పెట్టి ఏడుపొచ్చింది. మధ్య వరుసలు తీసుకోండి. మరీ ముందు కూర్చుంటే వయొలిన్లే ఎక్కువ వినిపిస్తాయి. ఇంకోటి, ఆలస్యంగా వెళ్ళకండి. ముందుగా ఓబో అనే ఊదే వాద్యం ఒక స్వరం పట్టుకుంటుంది, అందరూ దానికి శ్రుతి కలుపుతారు. నాకు అక్కడే ఒళ్ళు పులకరిస్తుంది.

నాగావళి: శ్రీకాకుళానికి ఆఖరి బస్సు ఎన్నింటికి? ఓసారి నాటకానికొచ్చి తెల్లారేదాకా కాంప్లెక్సులోనే కూర్చున్నాను.

మూడులాంతర్లు: పాప సంగతి ఎవరైనా చెప్పండి.

పాలకొండవాసి: తీసుకెళ్ళండి. ఆ సింఫనీ అరగంట పైచిలుకే. ముందురోజు మొదటి నాలుగు స్వరాలూ వినిపించి, అవి ఎన్నిసార్లు తిరిగొస్తాయో చూడమనండి. మా అబ్బాయి వేళ్ళు మడుస్తూ కదలకుండా కూర్చున్నాడు.

గంటస్తంభం: ఆ పిల్ల సంతోషం పట్టలేక మధ్యలో చప్పట్లు కొడితేనో?

నాలుగోతీగ: పిల్లల్ని నేనేమీ అనలేదు.