కిచెన్ కబోర్డులు: ఒకరు 420 అంటారు, ఒకరు 1,450 అంటారు, ఎవరి లెక్క నమ్మాలి?

భీమారం నుంచి (అడిగినవారు):
అందరికీ నమస్తే. హన్మకొండ దగ్గర భీమారంలో ఇల్లు కట్టుకున్నాం. టైల్స్, గ్రానైట్ అయిపోయాయి, వంటగది చెక్కపని ఒక్కటే మిగిలింది. శ్రావణంలో గృహప్రవేశం. అంటే చేతిలో ఏడు వారాలు. వంటగది ఎల్ ఆకారంలో ఉంటుంది, ఒకవైపు గోడ 10 అడుగులు, రెండోవైపు 7. కింద, పైన కబోర్డులు కావాలి, సజ్జకు తలుపులు పెట్టించాలి.

ముగ్గురిని పిలిచి చూపించాను. హన్మకొండలో షోరూం ఉన్న ఒక ఏజెన్సీ చదరపు అడుగుకు 1,450 అన్నది. మా పక్క వీధిలో పనిచేస్తున్న రాజస్థానీ మేస్త్రి 420కే చేస్తానన్నాడు. మా మేనమామకు తెలిసిన వడ్రంగి ఒకాయన, మెటీరియల్ మీరే తెచ్చుకోండి, నాకు కూలి ఇవ్వండి చాలు అంటున్నాడు. 420 ఎక్కడ, 1,450 ఎక్కడ! మా ఇంట్లో ఆమె వెంటనే 420 ఆయనకు బయానా ఇచ్చేయమంటున్నది. నాకేమో టెన్షన్‌గా ఉంది. చేయించుకున్నవాళ్ళు కాస్త చెప్పండి.

హంటర్ రోడ్ నుంచి:
తమ్మీ, అసలు ఈ చెక్క డబ్బాలు ఎందుకు? మా ఇంట్లో గట్టు కింద కడప బండలతో అరలు కట్టించి ముందు తలుపులు మాత్రమే పెట్టించాం. 2023 జూలై వానలకు మా కాలనీలోకి నీళ్ళొచ్చాయి కదా, తలుపులు పోయాయి గానీ బండలకు ఏం కాలేదు, కడుక్కుని మళ్ళీ గిన్నెలు సర్దుకున్నాం. పక్కింటివాళ్ళ కొత్త కిచెన్ మాత్రం అటుకుల్లా ఉబ్బిపోయింది. నాలుగు అంగుళాల కాళ్ళ మీద నిలబెట్టారు, నీళ్ళేమో మోకాలి దాకా వచ్చాయి.

భీమారం నుంచి (అడిగినవారు):
అన్నా, మీ మాట నిజమే. మా వైపు నీళ్ళు రాలేదులెండి. పైగా ఇంట్లో డ్రాయర్లు కావాలని పట్టు. బండ అరలకు డ్రాయర్లు కుదరవంటున్నారు.

కాజీపేట నుంచి, గృహిణి:
తమ్ముడూ, బయానా ఇప్పుడే ఇవ్వకండి. 420, 1,450 రెండూ ఒకే కొలత మీద చెప్పిన రేట్లు కావు. నేను రెండుసార్లు కిచెన్ చేయించాను, మొదటిసారి ఈ సంగతి తెలియకే దెబ్బతిన్నాను.

ఏజెన్సీవాళ్ళు ఎక్కువగా ముందు నుంచి కనిపించే వెడల్పు, ఎత్తు మాత్రమే కొలుస్తారు. మేస్త్రీల్లో చాలామంది వాడిన చెక్కంతా కొలుస్తారు. మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు, రెండడుగుల లోతు ఉన్న ఒక కింది బాక్సే తీసుకోండి. ముందు కొలత అయితే ఏడున్నర చదరపు అడుగులు. 1,450 చొప్పున 10,875 అవుతుంది. అదే బాక్సుకు చెక్క కొలిస్తే రెండు పక్కలు కలిపి 10, అడుగు పలక 6, వెనక ఏడున్నర, లోపలి అర ఒకటి 6, తలుపులు ఏడున్నర, మొత్తం 37. 420తో గుణించండి, 15,540. చౌక అనుకున్నదే బరువైంది చూశారా. మేస్త్రి మోసం చేస్తున్నాడని కాదు, వాళ్ళ లెక్క అంతే. మనమే అడగం.

అందుకని ఇక రేటు మాట వదిలేయండి. కాగితం మీద ఒక బొమ్మ గీసి, ఏ బాక్స్ ఎక్కడ, ఎన్ని డ్రాయర్లు, లోపల ఎన్ని అరలు అని రాసి, అదే బొమ్మ ముగ్గురికీ ఇచ్చి మొత్తం ఎంతవుతుందో చెప్పమనండి. బుట్టలు, డ్రాయర్లు జారే చానళ్ళు, హ్యాండిళ్ళు అందులో కలిసినవా వేరా అని కూడా రాయించుకోండి. అసలు ఖర్చు అక్కడే పెరుగుతుంది.

ఇక నా మొదటి కిచెన్ సంగతి. కొటేషన్‌లో ఉత్త 'ప్లై' అని రాశారు. ఏ గ్రేడో రాయలేదు, నేనూ అడగలేదు. రెండో వానాకాలానికి సింకు కింద బాక్స్ అడుగు ఉబ్బి పొరలు పొరలుగా లేచింది. తీరా చూస్తే అక్కడ పెట్టింది ప్లైవుడ్ కూడా కాదు, పొడిని అదిమి చేసిన పార్టికల్ బోర్డు! చేసినవాళ్ళు మూడుసార్లు ఫోన్ ఎత్తారు, నాలుగోసారి నుంచి ఎత్తలేదు. రెండోసారి మాత్రం ఐఎస్ 710 అని కాగితం మీద రాయించాను. నీళ్ళకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు బీఐఎస్, అంటే ఐఎస్ఐ గుర్తు ఇచ్చే కేంద్ర సంస్థ, పెట్టిన ప్రమాణం అది, నీళ్ళలో 72 గంటలు ఉడకబెట్టినా పొరలు విడిపోకూడదు. షీటు మీద ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబర్ ఉంటాయి. ఆ నంబర్ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, లైసెన్స్ నడుస్తోందో లేదో తెలుస్తుంది. షీట్లు కోయకముందే వెళ్ళి ఫోటోలు తీసుకోండి. మైకా అంటించాక కింద ఏముందో దేవుడికే తెలియాలి.

కరీమాబాద్ నుంచి, కార్పెంటర్:
అక్క చెప్పిన కొలత లెక్క కరెక్టే. మాలో కొందరు కావాలనే చెప్పరు, అది కూడా నిజమే. కానీ 710 ఇల్లంతా పెట్టించాల్సిన పని లేదు సార్. కింది బాక్సులకు పెట్టండి. పైవాటికి మామూలు ప్లైవుడ్ ప్రమాణం ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్ళకు తట్టుకునే) గ్రేడు చాలు, అక్కడికి నీళ్ళు రావు కదా. సింకు కింది బాక్స్ ఒక్కటీ డబ్ల్యూపీసీతో (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే బోర్డు) చేయించండి, అది నీళ్ళకు ఉబ్బదు. అయితే దానికి స్క్రూ పట్టు ప్లైవుడ్ అంత ఉండదు, అందుకే మొత్తం కిచెన్ దాంతోనే చేస్తామని ఎవరైనా అంటే నేనైతే వద్దంటాను. ఎత్తు తలుపులకు ప్లైవుడ్ ఒక్కోసారి వంకర తిరుగుతుంది. వాటికి హెచ్‌డీహెచ్ఎంఆర్ బోర్డు (చెక్కనారను గట్టిగా అదిమి, తేమకు తట్టుకునేలా చేసింది) తిన్నగా నిలుస్తుంది, కాకపోతే అంచు పట్టీ మెషీన్ మీద అంటించాలి. చేత్తో అంటించిన పట్టీ స్టవ్ వేడికి లేస్తుంది.

కొలతలు ఎప్పుడు తీశారు? గ్రానైట్ పెట్టకముందు తీసి ఉంటే మళ్ళీ తీయించండి. టైలు, దాని కింది సిమెంటు మసాలా కలిపి ఎంత లేదన్నా అంగుళం పోతుంది. ఇంకోటి, మన ఇళ్ళల్లో గోడ మూలలు గునియాకు (మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో చూసే మట్టం) ఉండవు. వచ్చినాయన టేపు ఒక్కటే తెచ్చి పైన ఒకసారి కొలుచుకుని పోతే అనుమానించండి. పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలవాలి, మూలకు గునియా పెట్టి చూడాలి. తేడా ఉన్నచోట సందు నింపే ఫిల్లర్ పట్టీ వేస్తాం. వేయకపోతే మూల డ్రాయర్ పక్కదాని హ్యాండిల్‌కు తగిలి సగమే తెరుచుకుంటుంది.

పైకబోర్డుల బరువంతా గోడ మీదే కదా. ఇటుక గోడ అయితే స్క్రూ బిగిసేందుకు గోడ రంధ్రంలో పెట్టే మామూలు ఫిషర్లు పడతాయి. తేలిక బ్లాకుల గోడ అయితే వాటికి వేరే ఫాస్టెనర్లు ఉంటాయి, ముందే చెప్పండి. గోడలో కరెంటు పైపులు, నీళ్ళ పైపులు ఎటు పోయాయో ప్లాస్టరింగ్‌కు ముందు ఫోటోలు తీశారా? నేను చేసిన ఒక ఇంట్లో ఓనర్ 'అక్కడేం లేదు' అన్నాడు. డ్రిల్ పెట్టగానే గీజర్ పైపు నుంచి నీళ్ళు మొహాన కొట్టాయి.

సిలిండర్ కోసం కింద బాక్స్ అడిగారా? అడిగి ఉంటే దాని తలుపుకు కింది భాగంలో జాలీ తప్పక పెట్టించండి. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదనే నిలుస్తుంది. పైన రెండు రంధ్రాలు కొట్టి గాలి ఆడుతుందనేవాళ్ళు ఉన్నారు, దానితో లాభం లేదు. మా ఇంట్లో అయితే సిలిండర్ బయటి బాల్కనీలోనే ఉంది.

భీమారం నుంచి (అడిగినవారు):
అక్కా, మీరు చెప్పినట్టే బొమ్మ గీసి ఇచ్చాను. నమ్మలేకపోయాను. ఏజెన్సీది 1,35,000 పైచిలుకు, 420 ఆయనది 1,46,000. బుట్టలు, చానళ్ళు ఇద్దరికీ వేరే. మా ఇంట్లో ఆమెకు రెండు కాగితాలూ చూపించాను, ఇప్పుడు బయానా మాట ఎత్తడం లేదు.

ఇంకో సందేహం. ఏజెన్సీ 70 శాతం ముందే కట్టమంటున్నది, ఫ్యాక్టరీలో కటింగ్ మొదలుపెట్టాలంటే అంతే అంటున్నారు. ఇవ్వొచ్చా? కూలి పద్ధతిలో మేనమామ చెప్పిన వడ్రంగికే ఇస్తే నయమా?

కరీమాబాద్ నుంచి, కార్పెంటర్:
కూలి పద్ధతి మీకు రోజూ నిలబడి చూసే తీరిక ఉంటేనే సార్. షీటు 8 అడుగులకు 4, అంటే 32 చదరపు అడుగులు. కోతలో ఎంత వృథా అయినా అది మీ ఖాతాలోకే పోతుంది. పొద్దున డ్యూటీకి పోయి సాయంత్రం వచ్చే మనిషైతే గుత్తకు ఇవ్వడమే మేలు. ఇంకోటి, ఆషాఢంలో వానలు పడుతుంటే ఇంటి దగ్గర మైకా అంటించడం కష్టం, ప్లైవుడ్‌కు తేమ ఎక్కుతుంది. ఫ్యాక్టరీలో చేసి తెచ్చేవాళ్ళకు ఆ బాధ తక్కువ. నా కడుపు నేను కొట్టుకుంటున్నానేమో గానీ, ఏడు వారాల్లో అయితే ఏజెన్సీయే మేలు.

కాజీపేట నుంచి, గృహిణి:
70 ఇవ్వకండి. నేను రెండోసారి 40 ముందు, షీట్లు చూపించాక 30, బిగించాక 20 ఇచ్చి, పది శాతం ఆపుకున్నాను. పదిహేను రోజులు వంట చేశాక ఇచ్చాను. మొదట మూతి ముడిచారు, తర్వాత ఒప్పుకున్నారు. ఆ పది శాతం కోసమే హింజులు సరిచేయడానికి రెండుసార్లు వచ్చారు.

బుట్టలు ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలులో ఒక రకం) అంటే ఎస్ఎస్ 304 అని బిల్లులో రాయించండి. షాపులో అయస్కాంతం పెట్టి అంటుకోలేదు చూడండి అంటారు. 202 రకం స్టీలుకు కూడా అయస్కాంతం అంటుకోదు, కానీ అది ఉప్పుకూ తడికీ తొందరగా తుప్పు పడుతుంది.

సుబేదారి నుంచి:
ఒక్క మాట. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశపెడతారు. బిల్లు లేకపోతే రేపు గొడవ వచ్చినప్పుడు మన చేతిలో ఏమీ ఉండదు. బిల్లు ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. 5 లక్షల లోపు పనికి అక్కడ ఫీజు కూడా లేదు. సమస్య వచ్చిన రెండేళ్ళలోపు వేయాలి. మా అన్నయ్య ఏదో ఒకటి చేద్దామంటూ మూడేళ్ళు గడిపేశాడు.

భీమారం నుంచి (అడిగినవారు), ఆరు వారాల తర్వాత:
అందరికీ థాంక్స్. ఏజెన్సీకే ఇచ్చాం. 70 నుంచి 40కి దిగడానికి రెండు పూటలు కూర్చోవాల్సి వచ్చింది. వడ్రంగికి పని ఇవ్వనందుకు మేనమామ ఇంకా అలిగే ఉన్నాడు, గృహప్రవేశానికి నేనే స్వయంగా వెళ్ళి పిలవాలి.

షీట్లు చూడటానికి వెళ్ళినప్పుడు పదకొండు షీట్లకు ఐఎస్ఐ గుర్తు ఉంది, రెండు షీట్లకు లేదు. అడిగితే 'అదే మాల్ సార్, ముద్ర చెరిగిపోయింది' అన్నారు. అక్క మాట గుర్తొచ్చి మార్చమన్నాను, మార్చారు. బిగించేటప్పుడు స్టవ్ వైపు మూల గునియాకు ముప్పావు అంగుళం తేడా వచ్చింది, ఫిల్లర్ పట్టీ వేశారు. సింకు కింద డబ్ల్యూపీసీ. పని అయిపోయాక సింకు నిండా నీళ్ళు పట్టి ఒక్కసారి వదిలి చూశాను. కింద పైపు జాయింటు దగ్గర చుక్కలు పడ్డాయి. తప్పు చెక్కపని వాళ్ళది కాదు, ప్లంబర్ది. వాషర్ మార్చాడు, ఆగిపోయింది.

సిలిండర్ బయటికి పోయింది. సజ్జ తలుపు ఒకటి మాత్రం తెరిస్తే ఫ్యాన్ రెక్కకు తగులుతున్నది, ఆ కొలత మేమెవరమూ చూసుకోలేదు. గురువారం వచ్చి దాన్ని రెండు ముక్కలు చేసి బిగిస్తామన్నారు. ఆఖరి పది శాతం ఆ తర్వాతే.