అప్‌డేట్: పాత బ్రేక్ వ్యాన్ గేజ్‌కి అడాప్టర్ దొరికింది

యార్క్‌షైర్‌లో మేం వాలంటీర్లుగా బాగుచేస్తున్న పాత బ్రేక్ వ్యాన్‌కి (గూడ్స్ రైలు చివర గార్డు ఉండే పెట్టె) కొన్న కొత్త వాక్యూమ్ గేజ్ (బ్రేకు పైపులో శూన్యం ఎంతుందో చూపే మీటరు) పైపుకి ఎక్కడం లేదని ఇంతకుముందు అడిగాను కదా. తప్పు నాదే. రెండూ పావు అంగుళమే కదా అని బిగించబోతే రెండు చుట్లు తిరిగి పట్టేసింది. మీరన్నట్టు మరలు కొలిచి చూస్తే సంగతి బయటపడింది: పాత పైపుది బీఎస్‌పీ అనే బ్రిటిష్ పైపు మరల ప్రమాణం, అంగుళానికి 19 మరలు, కోణం 55 డిగ్రీలు. కొత్త గేజ్‌ది ఎన్‌పీటీ అనే అమెరికన్ ప్రమాణం, 18 మరలు, 60 డిగ్రీలు. ఇక టెఫ్లాన్ టేపు ఎంత చుట్టి ఏం లాభం!

చివరికి హైడ్రాలిక్ ఫిట్టింగులమ్మే షాపులో ఇత్తడి అడాప్టర్ దొరికింది, ఒకవైపు బీఎస్‌పీ, ఇంకోవైపు ఎన్‌పీటీ. ఇప్పుడు గేజ్ ముల్లు 21 అంగుళాల (శూన్యాన్ని పాదరసం అంగుళాల్లో కొలుస్తారు) దగ్గర కదలకుండా నిలబడుతోంది. పాత గేజ్‌ని మాత్రం పారేయలేదు, ఆ డయల్ అంత అందంగా ఉంది మరి.