ఇంట్ల అకౌంట్స్ పనికి పదేండ్లు నడిచే కంప్యూటర్, ఏ పార్ట్‌లు తీస్కోవాలె?

దేవరకొండ_ఖాతాలు:
అందరికి నమస్తే. నేను దేవరకొండల ఇంటి నుంచే అకౌంట్స్ చేస్త. కిరాణం షాపులు, ఎరువుల దుకాణాలు, ఒక పత్తి జిన్నింగ్ మిల్లు, వీళ్ల ట్యాలీ ఎంట్రీలు, జీఎస్టీ రిటర్న్‌లు అన్నీ నా దగ్గరనే. ఇప్పుడున్నది నాలుగో జనరేషన్ ఐ5, పని అయితే చేస్తుంది గాని విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోని బంద్ అయింది, 11 దీంట్ల ఎక్కదు. క్లయింట్ల బ్యాంక్ లాగిన్లు, డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్లు అన్నీ దీని మీదనే, అప్‌డేట్లు రాని సిస్టం మీద అవి నడపబుద్ధి అయితలేదు. కొత్తది కట్టించుకుందాం అనుకుంటున్న. గేమ్స్ లేవు, వీడియో ఎడిటింగ్ లేదు, పదేండ్లు ఆగకుండ నడవాలె, అందులో జీఎస్టీ రిటర్న్‌ల గడువులు, 11, 20 తారీఖులు దగ్గరికి వచ్చినప్పుడు అసలే ఆగొద్దు. షాపాయన ఐ7 తీస్కోమంటుండు, ఐ5 సరిపోతదా?

పాలమూరు_హార్డ్‌వేర్:
తమ్మీ, ఐ7 అక్కర్లేదు, ఐ5 కూడ తప్పనిసరి ఏం కాదు. ట్యాలీకి బోలెడు కోర్లు ఏం పనికిరావు, ఒక్కో కోర్ స్పీడ్ ఉంటే చాలు. ఐ3 12100 తీస్కో, నాలుగు కోర్లు ఎనిమిది థ్రెడ్లు, దాంట్లనే గ్రాఫిక్స్ ఉంటది కాబట్టి వేరే గ్రాఫిక్స్ కార్డ్ అనే ఇంకో చెడిపోయే వస్తువు ఉండదు. ఒకటే చూడు, నంబర్ చివర 'ఎఫ్' ఉన్నది ఇస్తే అందుల గ్రాఫిక్స్ ఉండదు, కొంచెం తక్కువకు వస్తది అని అంటగడతరు. ఎక్సెల్ షీట్లు పెద్దపెద్దవి, బ్రౌజర్ల ముప్పై ట్యాబ్‌లు తెరిచే అలవాటు ఉంటే ఐ5 12400 గాని రైజెన్ 5 5600జీ గాని మంచిదే, అంతకంటె పైకి పోకు.

అట్ల మిగిలిన పైసలు పవర్ సప్లై మీద పెట్టు. మన దగ్గర క్యాబినెట్ కొంటే లోపల ఎస్ఎంపీఎస్, అంటే ఆ పవర్ సప్లై డబ్బా, ఫ్రీ అంటరు గదా, దాన్ని చేతిల పట్టుకుని చూడు, ఖాళీ డబ్బా లెక్క తేలికుంటది. లోపల ఫిల్టర్ కాయిల్స్ ఉండవు, కెపాసిటర్లు చిన్నచిన్నవి ఉంటయి, మీద మాత్రం 450 వాట్స్ అని స్టిక్కర్. అది పోతే పోనీ అనుకోవచ్చు, పొయ్యేటప్పుడు బోర్డునో, డేటా ఉండే ఎస్ఎస్‌డీనో తీస్కపోతది, గదే భయం. నా దగ్గరికి రిపేర్‌కు వచ్చిన మిషిన్లల్ల బోర్డు చచ్చిన వాటికి సగం కారణం ఇదే. ఐదేండ్ల వారంటీ ఉన్న 450 వాట్స్ 80 ప్లస్ బ్రాంజ్ (కరెంట్ ఎక్కువ వేస్ట్ చెయ్యదని ఇచ్చే గుర్తు) ఉన్నది తీస్కో, నీ మిషిన్ మొత్తం తాగేది 100 వాట్స్ లోపే కాబట్టి అది వేడెక్కకుండ నడుస్తది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు పది డిగ్రీల వేడి తగ్గితే ఆయుష్షు దాదాపు డబుల్ అయితది, మన ఎండలల్ల ఇది చిన్న విషయం కాదు.

మిర్యాలగూడ_రైస్‌మిల్:
అన్న చెప్పింది నిజమే గాని దుమ్ము సంగతి ఎవరూ అంటలేరు. మేము మిల్లు పక్కనే ఆఫీస్ పెట్టుకున్నం, ఊక దుమ్ము, తవుడు గాలిల ఎప్పుడూ ఉంటది, మీ జిన్నింగ్ క్లయింట్ దగ్గర కూచుంటే దూది పోగులు కూడ అట్లనే. క్యాబినెట్ మూత తీసి చూస్తే ప్రాసెసర్ మీది హీట్‌సింక్ రేకుల మధ్యల మెత్తటి తివాచీ పరిచినట్టు ఉంటది, గాలి దూరదు, ఫ్యాన్ మాత్రం గుయ్యిమని తిరుగుతనే ఉంటది. ముందట జాలి ఫిల్టర్ ఉండి, దాన్ని స్క్రూలు తియ్యకుండ గుంజి కడుక్కునే క్యాబినెట్ తీస్కోండి, గాజు తలుపులు, లైట్లు ఉన్నవి వద్దు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకుంటే అది జోరుగ తిరిగి బేరింగ్ పోతది. నేల మీద పెట్టొద్దు, ఊడ్చినప్పుడల్లా దుమ్మంతా అందులకే పోతది.

నల్లగొండ_కరెంట్‌పని:
మీరందరు పార్ట్‌ల గురించి చెప్తున్నరు, నేను గోడల సంగతి చెప్త. నేను వైరింగ్ పని చేస్త, నల్లగొండ చుట్టుపక్కల ఎన్ని ఇండ్లు చూసిన్నో. చాలా ఇండ్లల్ల మూడు పిన్నుల ప్లగ్ ఉంటది, మూడో పిన్నుకు వెనక వైరే ఉండదు. క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే జివ్వుమంటదా? అది షార్ట్ కాదు, ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొంచెం కరెంట్ బాడీకి వస్తది, ఎర్తింగ్ ఉంటే భూమిలకి పోతది, లేకుంటే బాడీ మీద వంద ఓల్టుల దాకా నిలబడుతది. మనిషికి పెద్దగ ఏం కాదు గాని అదే టైంల ప్రింటర్ కేబుల్ గాని టోకెన్ గాని పెడితే యూఎస్‌బీ పోర్ట్ కాలే ఛాన్స్ ఉంటది.

మల్టీమీటర్ పెట్టి చూపించుకోండి. ఫేజ్ న్యూట్రల్ మధ్య 230 దగ్గర్ల రావాలె, ఫేజ్ ఎర్త్ మధ్య కూడ దాదాపు అంతే రావాలె, న్యూట్రల్ ఎర్త్ మధ్య రెండు మూడు ఓల్టులు మించొద్దు. మించుతుందంటే ఎర్త్ గుంత చూడాలె, ఎండాకాలం భూమి ఎండిపోతది కాబట్టి గుంతల నీళ్లు పొయ్యాలె, బొగ్గు ఉప్పు వేసిన పాత గుంత అయితే కొత్తగ వేయించుకుంటే ఇంకా మంచిది.

ఇంకోటి, ఊర్లల్ల మోటర్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే ఓల్టేజ్ దిగుతది, అది అందరికి తెలుసు. అంతకంటె ప్రమాదం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగుడు. త్రీ ఫేజ్ లైన్ల న్యూట్రల్ తెగితే ఇంట్లకి 230 కాదు, 400 దగ్గరి దాకా రావొచ్చు, ఎంసీబీ దాన్ని ఆపదు, లోడ్ ఎక్కువైతే, షార్ట్ అయితే పడిపోవుడే దాని పని. ఓవర్ ఓల్టేజ్ అండర్ ఓల్టేజ్ కటాఫ్ అని దొరుకుతది, మెయిన్ బోర్డుల పెట్టించుకుంటే ఫ్రిజ్, టీవీ అన్నిటికి కూడ పనికొస్తది. కంప్యూటర్ కొనకముందే ఈ పని చేయించండి, దండం పెట్టి చెప్తున్న.

వనపర్తి_ట్యాక్స్:
నాదో వేరే మాట. కొత్తది కట్టించుడు ఎందుకు? పెద్ద కంపెనీలు లీజు అయిపోయినంక వదిలేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ల బోలెడు దొరుకుతయి. బోర్డులు గట్టివి, రోజంతా నడిచే పనికి చేసినవి. ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి పైవే తీస్కోవాలె, ఏడో జనరేషన్ అయితే విండోస్ 11 లిస్టుల లేదు, తక్కువకు ఇస్తున్నరని తీస్కోవద్దు.

పాలమూరు_హార్డ్‌వేర్:
వనపర్తి సార్, గట్టివే, కాదనను. కాని పదేండ్లు అన్నడు గదా తమ్ముడు. వాటిల ఎస్ఎంపీఎస్, బోర్డు కనెక్టర్లు కంపెనీ సొంతవి, మామూలు షాపుల దొరికేది సరిపోదు. ఐదేండ్ల తర్వాత అది పోతే దేవరకొండల ఎవరి దగ్గర దొరుకుతది? రిటర్న్‌ల గడువు టైంల హైదరాబాద్ బస్ ఎక్కాలె. మామూలు మైక్రో ఏటీఎక్స్ బోర్డు, మామూలు ఎస్ఎంపీఎస్ అయితే ఏ ఊర్లనైనా సాయంత్రానికి మార్చుకోవచ్చు. పాతది రెండో మిషిన్‌గ, మెయిన్‌ది ఆగినప్పుడు అక్కరకొచ్చేటట్టు పెట్టుకుంటనంటే మాత్రం నేను కూడ ఊ అంట.

దేవరకొండ_ఖాతాలు:
అన్నలందరికి థ్యాంక్స్. ఎర్తింగ్ రేపే చూపిస్త. ఎస్ఎస్‌డీ ఏది? షాపాయన 13వ, 14వ జనరేషన్ ఐ7 చెడిపోతున్నయని వార్తలు వచ్చినయంటే అదేం లేదు అంటుండు, నిజమేంది?

వనపర్తి_ట్యాక్స్:
నిజమే. 13, 14 జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లల్ల పై రకాలు అవసరానికి మించి ఓల్టేజ్ అడిగి లోపల అరిగిపోతున్నయని ఇంటెల్ 2024ల ఒప్పుకుంది, మైక్రోకోడ్ అనే ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాంకు అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ రెండేండ్లు పెంచింది. 12వ జనరేషన్‌కు ఆ లొల్లి లేదు. ఏది కొన్నా బోర్డుల ఉండే బయాస్ సాఫ్ట్‌వేర్ కొత్తది వేయించుకో.

ఎస్ఎస్‌డీకి టీబీడబ్ల్యూ అని రాస్తరు, అంటే ఎన్ని టెరాబైట్ల రాతకు కంపెనీ గ్యారంటీ అని. సాంసంగ్ 870 ఈవో 500 జీబీ అయితే 300, ఐదేండ్ల వారంటీ. పదేండ్లకు లెక్క కడితే రోజుకు 80 జీబీ పైన రాయొచ్చు, అకౌంట్స్ పనిల దాంట్ల ఇసుమంత కూడ కాదు. కాబట్టి అరిగి పోతదని భయపడకు. పోయేది కంట్రోలర్‌తోని, కరెంట్ కొట్టుడుతోని, అది కూడ చెప్పాపెట్టకుండ పోతది, హార్డ్ డిస్క్ లెక్క టకటక సప్పుడు చెయ్యదు. అందుకే మూడేండ్ల వారంటీది కాకుండ ఐదేండ్లది తీస్కో, పేరు లేని పచ్చబోర్డు డ్రైవ్‌లు వద్దు. ర్యామ్ 16 జీబీ, ఎనిమిది ఎనిమిది రెండు స్టిక్కులు పెట్టు, ఒకటి పోయినా రెండోదాని మీద పని నడుస్తది. రేట్లు 2025 చివరి నుంచి మండుతున్నయి, తగ్గుతయేమో అని ఆగకు.

జడ్చర్ల_అక్క:
మిషిన్ ఎంత మంచిదైనా ఒకరోజు పోతది తమ్ముడు, డేటా పోవద్దు. కంపెనీల లెక్కల పుస్తకాలు ఎనిమిదేండ్లు దాచాలె, జీఎస్టీ రికార్డులు యాన్యువల్ రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉండాలె, అంటే నీ పదేండ్ల మిషిన్ మధ్యల ఎన్నో క్లయింట్ల పాత సంవత్సరాలు దాంట్లనే ఉంటయి. నేను సాయంత్రం లేచే ముందు ట్యాలీ ప్రైమ్‌ల ఆల్ట్ వై కొట్టి బ్యాకప్ తీస్త, ఒకటి వేరే డ్రైవ్‌ల, ఒకటి క్లౌడ్‌ల. బయటి హార్డ్ డిస్క్ మాత్రం బ్యాకప్ అయిపోంగనే పీకేస్త, ఎందుకంటే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి పైసలడిగే వైరస్) వస్తే తగిలించి ఉన్నవన్నీ తాళం పడతయి. ఏండ్ల తరబడి అల్మరాల పెట్టేదానికి హార్డ్ డిస్కే వాడు. ఎస్ఎస్‌డీ, పెన్‌డ్రైవ్ కరెంట్ లేకుండ పడి ఉంటే డేటా మెల్లగ జారిపోతది, గది వేడి ఎక్కువైతే ఇంకా తొందరగ.

టైం, తేదీ వెనక్కి పోతున్నయంటే బోర్డు మీద సీఆర్2032 సెల్ అయిపోయినట్టు. తేదీ తప్పుంటే పోర్టల్స్ ఓపెన్ కావు, సంతకం పడదు, ఎక్కడెక్కడో వెతుకుతరు, మార్చడానికి పది నిమిషాలు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ పాతది ప్యారలల్ పోర్ట్ మాత్రమే ఉన్నదైతే బోర్డు మీద దానికి హెడర్ (కేబుల్ గుచ్చే పిన్నులు) ఉన్నదా అని ముందే అడుగు, యూఎస్‌బీ మార్చే కేబుల్ అన్నిటికి పడదు. బిల్లు జీఎస్టీ నంబర్‌తోని రాయించుకో, ఎస్ఎంపీఎస్, బోర్డు, ఎస్ఎస్‌డీ సీరియల్ నంబర్లు బిల్లు మీద వేయించు, వారంటీకి అవే అడుగుతరు. నువ్వు రిజిస్టర్ అయి ఉంటే 18 శాతం క్రెడిట్ కూడ వస్తది గదా.

దేవరకొండ_ఖాతాలు:
అక్కా, ఇవి నోట్ చేసుకున్న. ఒక్క డౌట్, మా ఇంట్ల ఇన్వర్టర్ ఉంది, ట్యూబులర్ బ్యాటరీది. మళ్లీ యూపీఎస్ కావాల్నా?

నల్లగొండ_కరెంట్‌పని:
ఇన్వర్టర్ మీద ఏమని రాసి ఉందో చూడు తమ్ముడు. స్క్వేర్ వేవ్ అయితే మంచి ఎస్ఎంపీఎస్‌లకే ఎక్కువ ఇబ్బంది, గుర్రుమంటది లేదా ఆరిపోతది. ప్యూర్ సైన్ వేవ్ (లైన్ కరెంట్ లెక్కనే సాఫీగ ఇచ్చేది) అయి, వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉండి, దాన్ని ఆన్ పెడితే కరెంట్ పోయిన పది మిల్లీసెకన్ల దగ్గర్ల మారుతది, మంచి ఎస్ఎంపీఎస్ అంతసేపు తట్టుకుంటది. మామూలు మోడ్‌ల అయితే ఆలస్యం అయితది, మిషిన్ రీస్టార్ట్ అయితది, అప్పుడు ట్యాలీ డేటా పాడైతే రిపేర్ చేసుకోవాల్సి వస్తది. స్క్వేర్ వేవ్‌దే అయితే కంప్యూటర్ పాయింట్‌ను ఇన్వర్టర్ లైన్ నుంచి తప్పించి, 600 వీఏ యూపీఎస్ వేరే పెట్టుకో, రిటర్న్ సేవ్ చేసి బంద్ చేసేంత టైం ఇస్తది. దాని బ్యాటరీ రెండు మూడేండ్లకు మార్చాలె. లేజర్ ప్రింటర్ మాత్రం దానికి తగిలించొద్దు, వేడెక్కేటప్పుడు ఒక్కసారే ఎక్కువ గుంజుతది.

అంతా బిగించినంక ట్యాలీ మూసి, ఖాళీ రోజున మెయిన్ ఎంసీబీ దించి చూడు. మిషిన్ ఆగకుండ నడిస్తే సరే, రీస్టార్ట్ అయితే ఇన్వర్టర్ మోడల్ నంబర్ ఇక్కడ పెట్టు, చూసి చెప్త.