హిమానీనదమా, హిమనీనదమా?

ప్రశ్న: పిల్లల భూగోళం పుస్తకంలో గ్లేసియర్‌కు 'హిమానీనదం' అని ఉంది. పత్రికల్లో 'హిమనీనదం' కనిపిస్తోంది. ఎక్కడో 'హిమనది' అని కూడా చదివాను. అంటార్కిటికాలోని లాంబర్ట్ గ్లేసియర్ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ఏది వాడమంటారు?

జవాబు: 'మా' దీర్ఘం ఉన్న 'హిమానీనదం' వాడండి. ఇంద్రుడి భార్య ఇంద్రాణి, భవుడి భార్య భవాని. అదే 'ఆని' ప్రత్యయం 'హిమం', 'అరణ్యం' అనే మాటలకు చేరితే మాత్రం భార్య కాదు, 'పెద్దది' అని అర్థం. అరణ్యాని అంటే మహారణ్యం, హిమాని అంటే పేరుకుపోయిన మంచు. 'హిమానీ హిమసంహతిః' అని అమరకోశం. 'మా'లో దీర్ఘం తీసేస్తే ఆ 'పెద్ద' కాస్తా ఎగిరిపోతుంది, మిగిలిన 'హిమనీ'కి అర్థమే లేదు. 'హిమనది' తప్పు కాదు గానీ, మంచు కరిగి పారే గంగలాంటి నది అనుకునే ప్రమాదం ఉంది. లాంబర్ట్ పొడవు 400 కిలోమీటర్లు, వెడల్పు కొన్నిచోట్ల 100 దాకా. అంతటిదానికి ఉత్త హిమం ఏం సరిపోతుంది!

మరొక సభ్యురాలు: గడ్డకట్టిన మంచుకు 'నదం' ఎందుకండీ? ఇంగ్లీషు మాటలో నది లేదు కదా?

జవాబు: లేదు. దాని మూలం ఫ్రెంచి 'గ్లాస్', అంటే మంచుగడ్డ. నదిని చేర్చింది మనవాళ్ళే, బాగా చేర్చారు. లాంబర్ట్‌లోని మంచు తన బరువుకు తానే జారుతూ ఏడాదికి వందల మీటర్లు కదులుతుంది. ఉపగ్రహ చిత్రాల్లో దాని ఒంటి నిండా దువ్వెనతో దువ్వినట్టు చారలు కనిపిస్తాయి. చివరికి ప్రిడ్జ్ అఖాతం దగ్గర 'ఏమరీ' అనే మంచు పలకగా మారి సముద్రం మీద తేలుతుంది. మన భారతి పరిశోధన కేంద్రం ఉన్నదీ ఆ అఖాతం తీరంలోనే. పడమరకు పారేదే నదమనే పాత లెక్క ఇక్కడ పనికిరాదు. ఇది ఉత్తరానికి, సముద్రం వైపు పారుతుంది!

ప్రశ్న అడిగినవారు: లాంబర్ట్ దాన్ని కనుగొన్నవారా?

జవాబు: కాదు. 1946–47లో అమెరికా నౌకాదళం 'హైజంప్' కార్యక్రమంలో విమానాల నుంచి ఫొటోలు తీసింది. వాటిని పరిశీలించి జాన్ రాస్కో అనే భూగోళవేత్త 1952లో దీని రూపురేఖలు గుర్తించి, ఫొటోలు తీసిన విమాన బృందం సంకేతనామమే పెట్టారు: 'బేకర్ త్రీ'. మంచు మహాప్రవాహానికి విమానం నంబరు! 1956 నాటి అమెరికా స్థలనామావళిలో దాని వర్ణన వచ్చింది గానీ, వెంటనే పటాల్లోకి ఎక్కలేదు. అదే ఏడాది ఆస్ట్రేలియావాళ్ళు ఆ ప్రాంతాన్ని సర్వే చేసి, 1957లో తమ జాతీయ పటాల విభాగం డైరెక్టర్ బ్రూస్ లాంబర్ట్ పేరు పెట్టారు. పటం ఎక్కిన పేరే నిలిచింది.

మీ వ్యాసంలో 'లాంబర్ట్ హిమానీనదం' అని రాయండి. సమాసం కాబట్టి 'నీ' తర్వాత ఖాళీ వద్దు. అచ్చుకు పంపేముందు 'మా' దీర్ఘం మరోసారి చూసుకోండి.